వైరు పీకినా వినపడింది

ఫిబ్రవరి 8, శనివారం

కట్టు వేసి వారమైంది. డాక్టరు తొమ్మిది, పది వారాలన్నాడు. నేను మూడన్నా. ఆయన నవ్వినాడు. నవ్వేదానికి ఏముంది అందులో.

డెబ్బై రెండేండ్లకు నిచ్చెన ఎక్కమని ఎవరు చెప్పినారు మామా అని గ్రేస్ అడిగింది. నా కోడలు. ఎవరూ చెప్పలేదు. దుకాణం మీద ఏరియలు కమ్మి వంగింది, ఎక్కినా. నిచ్చెన జారింది. నేను జారలేదు. ఆ ముక్క ఇక్కడ రాసి పెట్టుకుంటా, ఊరంతా నేను జారినానని చెప్పుకుంటున్నారు గనక.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చింది. తిక్క లేవకుండా ఉంటది, ఏదో ఒకటి రాసుకో అని గ్రేస్ నా మంచం మీద పడేసింది. నేను చదివింది మూడో తరగతి. బైబిలు కూడబలుక్కుంటా. రాసేది ముప్పై ఏండ్లుగా ఒకటే రాత. 'బాగుంది. యేసోబు.' బాగు చేసిన ప్రతి వైర్‌లెస్ సెట్టుకూ ఆ చీటీ దారంతో కడతా. చీటీ ఉంటే మార్కాపురంలో మళ్లీ ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 10

అబ్బాస్ అలీ పని ఇంటికే పట్టుకొచ్చినాడు. దుకాణం వాడిది, చెయ్యి నాది. ఆటోలో నా బల్ల, సోల్డరు కడ్డీ, నా టెస్టు పెట్టె, పన్నెండు సెట్లు. అన్నీ అడవి ఆఫీసువి. ఎండలు ముదిరితే నల్లమలలో మంటలు లేస్తాయి. ఆ లోపల సెట్లు క్యాంపులకు చేరాల.

"కాలు విరిగినా చేతులు ఊరికే ఉండకూడదంటావా భాయ్" అన్నా.

"చేతులు ఊరికే ఉంటే నీ నోరు ఎక్కువైతది, గ్రేస్ తట్టుకోలేదు" అన్నాడు.

బల్ల మంచం పక్కకు జరిపినారు. ఎదురుగా కిటికీ. కిటికీ నిండా పక్కింటి గోడ. దాని మీద ఒక బల్లి.

ఫిబ్రవరి 11

పెట్టె మూత తుడిచినా. నల్లగా అద్దం మాదిరి ఉంది.

మొదట ఈ పెట్టె రేకుది. అబ్బాస్ వాళ్ల నాయన నాకు రేడియో పని నేర్పినప్పుడు ఇద్దరం కలిసి చేసింది. లోపల క్రిస్టలు ఉంటది, అది క్యారియర్ పుట్టిస్తది, అంటే కూతను మోసుకుపోయే రేడియో అల. ఆ క్యారియర్ మీద ఒక కూత ఎక్కించి, వైరు గుండా సెట్టుకు పంపిస్తాము. ముందర నాబ్ ఉంటది. నాబ్ తగ్గించే కొద్దీ కూత సన్నబడతది. ఎంత సన్న కూత వింటే సెట్టు చెవి అంత మంచిది. సున్నాకు తిప్పితే ఏం రాకూడదు. ఇంతే దీని సంగతి.

రెండేండ్ల కింద రేకు తుప్పు పట్టి బొక్కలు పడింది. బిచ్చగాడి డబ్బా లెక్క ఉండె. తీసి పారేసినా. నేను పద్నాలుగో ఏట పలకల మిల్లులో చేరినా, ఇరవై ఏండ్లు రాయి కోసినా. మార్కాపురం మనిషి రాయి ఉండంగా రేకు వెతుక్కుంటాడా. ఆరు పలకలు కోసి, నున్నగా తోమి, మూలలు అతికి పెట్టె చేసినా. తుప్పు పట్టదు, కాలదు, వంగదు. చూసిన ప్రతివాడూ చెయ్యి పెట్టి నిమరకుండా పోడు.

ఫిబ్రవరి 13

తొమ్మిదో నంబరు సెట్టు అయిపోయింది. వస్తువంటే ఇదే. నాబ్ సున్నాకు తిప్పినా కూత వినపడుతోంది. చెయ్యి తగిలి వైరు ఊడింది. అయినా వినపడుతోంది! వైరు పీకినా వినే చెవి. ఇంతకు ముందు కూడా రెండు మూడు సెట్లు ఇట్లనే విన్నాయి. చెయ్యి తిరిగిన కొద్దీ పని అట్ల వస్తది.

చీటీ కట్టినా. ఈ సెట్టు నా కొడుకు క్యాంపుకు పోవాల అని అబ్బాస్‌కు చెప్పినా.

ఫిబ్రవరి 15

నా కొడుకు ఇమ్మానుయేలు పొద్దున్నే పోయినాడు. అడవిలో కాపలా పని, రోజుకూలీ మీద. నాలుగేండ్లుగా ఎండాకాలమంతా కొండ మీద క్యాంపులోనే. ఐదుగురు ఉంటారు. పొద్దున, సాయంత్రం కింద నుంచి అడవి ఆఫీసు స్టేషను సెట్టులో పిలుస్తది, వీళ్లు పలకాల. మంట లేస్తే ఎటు పోవాల్నో స్టేషనే చెప్పాల, కొండ మీద ఉన్నవాడికి పొగ ఎటు నుంచి వస్తాందో తెలవదు. ఈ ఏడాది బాగా చేస్తే పేరు పర్మనెంటు లిస్టుకు ఎక్కిస్తామన్నారంట.

"సెట్టు బాగుందా నాయనా" అని అడిగినాడు.

"చీటీ చూడు."

"చూసినా. నోటితో చెప్తే నీ సొమ్మేం పోతది."

"చీటీ ఉన్నాక నోరెందుకురా."

నవ్వినాడు. గ్రేస్ పచ్చడి డబ్బా ఇచ్చింది. పెద్దారవీడు బస్సెక్కి పోయినాడు.

ఫిబ్రవరి 19

పన్నెండింట్లో పదకొండు పోయినాయి. పన్నెండోదానికి చీటీ కట్టినా, కానీ బ్యాటరీ డబ్బా పగిలి ఉంది, అది వచ్చేదాకా నా దగ్గరే.

ఫిబ్రవరి 24

అబ్బాస్ వచ్చినాడు. స్టేషనువాళ్లు అంటున్నారంట, మీ ఇమ్మానుయేలు మాట్లాడతాడు గాని చెప్పేది వినడు అని.

"చిన్నప్పటి నుంచీ అంతే వాడు" అన్నా. ఇద్దరం నవ్వినాము.

ఫిబ్రవరి 27

ఎండ. రేకుల కప్పు. కట్టు లోపల దురద. గొడుగు కమ్మి దూర్చి గోకినా. గ్రేస్ చూసి గుంజుకుంది.

మార్చి 3, సోమవారం

అబ్బాస్‌కు ఉపవాసాలు మొదలైనాయి. ఎండన పడి వచ్చినాడు, నీళ్లు కూడా తాగడు కాబట్టి గ్రేస్ విసనకర్ర ఇచ్చింది.

స్టేషను పిలిస్తే ఇమ్మానుయేలు మళ్లీ పలకలేదంట. మూడుసార్లు. వాళ్లు కాగితం మీద ఎక్కించినారు. సెట్టు సంగతి ఏంది అని అబ్బాస్‌ను అడిగితే నా చీటీ చూపించినాడంట.

"సెట్టు అయితే బాగుంది గదా యేసోబూ?"

"నీకు అనుమానమా?"

"నాకు లేదు. వాళ్లు అడిగినారు."

"వాడికి నిద్రెక్కువ. అదీ సంగతి."

నోరు జారింది. జారిందేం కాదు, వాడు నిద్రపోతాడు నిజమే. పదేండ్లప్పుడు చర్చిలో కూడా పోయేవాడు.

మార్చి 6

నిలోఫర్ వచ్చింది. అబ్బాస్ కూతురు, బెంగళూరులో ఏదో కంపెనీలో వైర్‌లెస్ పరికరాలు పరీక్ష చేసే ఉద్యోగం. పండగకు వచ్చింది. నా ఒళ్లో కూర్చుని సోల్డరు కరగడం చూసిన పిల్ల. వచ్చీ రాంగానే పెట్టె నిమిరింది.

"ఎంత బాగుంది మామా, మ్యూజియంలో పెట్టొచ్చు."

"పని చేసేది మ్యూజియంలో ఎందుకు పెడతారు."

సంచిలో నుంచి చేతిలో పట్టేంత మీటరు తీసింది. చిన్న టీవీ మాదిరి. దాంట్లో ఒక గీత లేస్తది, క్యారియర్ ఎంత ఉంటే గీత అంత పొడుగు. నాబ్ సున్నాకు తిప్పమంది. తిప్పినా. గీత తాటిచెట్టు లెక్క నిలబడే ఉంది. వైరు పీకింది. ఉంది. మీటరు పట్టుకుని గడప దాకా పోయింది. ఉంది.

"మామా, ఇది మొత్తం కారిపోతోంది."

"ఏంది కారేది?"

"క్యారియర్. నాబ్ వైరులో పోయేదాన్నే ఆపుతది. ఇది గాలిలో పోతోంది. రాయి దీన్ని ఆపదు మామా, రేకే ఆపుతది. అప్పుడు నువ్వు నాబ్‌లో చూసేది సెట్టు చెవి కాదు. చెవుడు సెట్టు కూడా పక్కనే ఉంటే వింటది, మనం గట్టిగా అరిస్తే చెవిటోడు విన్నట్టు."

"ఎన్నేండ్లు నీకు?"

"ఇరవై ఆరు."

"నీకంటే నా స్క్రూడ్రైవరు పెద్దది. పో."

గ్రేస్ వంటింట్లో నుంచి తొంగి చూసింది. నిలోఫర్ మీటరు సంచిలో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టింది. "పండగ దాకా ఇక్కడే ఉంటా మామా. ఇది ఉండనీ" అంది.

ఆడపిల్లకు అంత పొగరు పనికిరాదు.

మార్చి 7

ఏం రాయను.

మార్చి 9, ఆదివారం

గ్రేస్ చర్చికి పోయింది. ఇల్లంతా ఎవరూ లేరు, నేను, బల్లి.

పన్నెండో నంబరు సెట్టుకు నా బ్యాటరీ తగిలించి, పెట్టె వేసి, నాబ్ సున్నాకు పెట్టినా. వైరు కట్టనే లేదు. కూత వినపడింది. సెట్టు మంచం కింద పెట్టినా. వినపడింది. ముంత బోర్లించినా. వినపడింది.

గ్రేస్ వచ్చినాక, ఇది పట్టుకుని నడుచుకుంటా పోమ్మా, కూత ఆగిన చోట నిలబడు అన్నా. చర్చి చీరతోనే పోయింది. గడప దాటింది. కొళాయి దాటింది. మలుపు తిరిగే ముందర నిలబడింది. అక్కడ ఆగిందంట. వెనక్కి వచ్చి బల్ల మీద పెట్టింది.

"వైరు లేకుండా అంత దూరం వింటాంది మామా. అంటే మంచి సెట్టేనా?"

కళ్లలోకి చూస్తాంది. ఆమె మొగుడు కొండ మీద ఉన్నాడు. నిలోఫర్ చెప్పిందంతా ఆ రోజు వంటింట్లో నుంచి వినింది.

"మంచిదే" అన్నా.

"అయితే సరే" అంది. చీర మార్చుకునేదానికి పోయింది.

మార్చి 10

ఒక్క పెట్టె కారినంత మాత్రాన సెట్లన్నీ చెవుడని యాడ రాసి ఉంది. సెట్లు బాగుండొచ్చు. నా చెయ్యి మీద నమ్మకం ఉంది. చూపిస్తా ఆ పిల్లకు.

మార్చి 12

గ్రేస్‌ను పదిహేను కిలోల నూనె డబ్బా ఒకటి, ఐదు కిలోలది ఒకటి తెమ్మన్నా. ఎందుకంటే ఎందుకో ఒకందుకన్నా. పెద్దదాంతో పొయ్యి చేస్తావా మామా అని నవ్వింది.

పైన రంగు గీకినా. రంగు ఉంటే రేకూ రేకూ కలవదు. లోపల మూత అంచులన్నీ గీకినా. కూర్చుని గీకేదానికి కాలు అడ్డం. గోళ్లు పోయినాయి.

మార్చి 13

రాతి పెట్టెలోని సామాను అట్లనే ఉంచినా. ఇంకో క్రిస్టలు, ఇంకో కూత చిన్న డబ్బాలో కట్టినా. మూత పెట్టినా. మీటరులో గీత సగమే తగ్గింది. డబ్బా చుట్టూ మీటరు తిప్పినా. కరెంటు వైరు దగ్గర గీత లేస్తాంది. దొంగ కరెంటు వైరు పట్టుకుని నడిచిపోతాండాడు బయటికి. వైరు తీసేసి బ్యాటరీ లోపలే పెట్టినా. తగ్గింది.

ఇది ముసలోడు కనిపెట్టినాడు. బెంగళూరు కాదు.

మార్చి 14

కూత క్యారియర్ మీద ఎక్కే చోట రెండు మరలు ఉంటాయి. అవి సరిగ్గా లేకపోతే కూత లేకపోయినా వట్టి క్యారియర్ నాబ్ దాకా వస్తది. ఒకటి తిప్పితే గీత తగ్గతది, ఒక చోట ఆగతది. రెండోది తిప్పితే ఇంకాస్త తగ్గతది. మళ్లీ మొదటిది. మొగుడూ పెళ్లాల తగువు తీర్చినట్టు, ఒకరి దగ్గర కొంచెం, ఇంకొకరి దగ్గర కొంచెం.

మొత్తం తగ్గించి చెయ్యి తీసినా. గీత లేచింది. చెయ్యి పెట్టినా. పడింది. నా చెయ్యి పక్కన ఉన్నంత సేపే అది బాగుంది.

మార్చి 15

ఇనుప స్క్రూడ్రైవరు మానేసి టూత్‌బ్రష్ కాడ అరగదీసినా. మూతకు రెండు బొక్కలు పొడిచి, మూత పెట్టినాకనే బొక్కలో నుంచి తిప్పినా. చెయ్యి తీసినా. గీత లేవలేదు. చిన్న డబ్బా తీసుకుపోయి పెద్ద డబ్బాలో పెట్టి దాని మూత చుట్టూ సోల్డరు పోసినా. సెట్టుకు పోయే వైరు, పైన రాగి జల్లెడ తొడుగు ఉన్నది కట్టినా.

గీత నేలకు అతుక్కుంది. గడ్డి పరక అంత కూడా లేదు.

రాత్రి గ్రేస్ అన్నం పెడితే రెండుసార్లు పెట్టించుకున్నా.

మార్చి 17, సోమవారం

పన్నెండో నంబరు సెట్టును రేకు డబ్బాకు కట్టినా. నేను చీటీ రాసిన సెట్టు.

నాబ్ సున్నా. ఏం లేదు. సరే. ఒకటి. లేదు. రెండు. మంచి సెట్టు రెండు మీద వినాల. లేదు. మూడు. ఐదు. ఎనిమిది.

తొమ్మిది మీద వినింది.

వైరు చూసినా. బ్యాటరీ చూసినా. మళ్లీ చేసినా. తొమ్మిది.

ఇంకోసారి. తొమ్మిది.

ఇది చెవుడు. నేను బాగుంది అని రాసినా.

మిగతా పదకొండూ కొండ మీద ఉన్నాయి. ఇదొక్కటే అయ్యుంటది. రేపు అబ్బాస్ వస్తాడు, చెబుతా.

మార్చి 18

అబ్బాస్ వచ్చినాడు. ఉపవాసంతో నీరసంగా ఉన్నాడు. ఈసారి అడవి ఆఫీసు పని మొత్తం మన దుకాణానికే ఇస్తామన్నారు యేసోబూ, అంతా నీ చీటీ పుణ్యం అన్నాడు. మనిషి అంత సంతోషంగా ఉంటే ఎట్ల చెప్పేది. ఇఫ్తారుకు ఖర్జూరాలు కొనాల అని తొందరపడి పోయినాడు.

రేపు చెబుతా.

మార్చి 19

రేపు.

మార్చి 20

ఉడుకు. గోడ కూడా ఉడికి కిటికీలో నుంచి సెగ కొడతాంది. బల్లి కనపడలేదు. అబ్బాస్ ఫోను చేసినాడు, గ్రేస్ ఎత్తింది. నిద్రపోతున్నానని చెప్పమన్నా.

మార్చి 21, శుక్రవారం

సాయంత్రం గ్రేస్ రోడ్డు దాకా పోయి వచ్చింది. కొండ మీద పొగ కనపడుతోంది మామా, సన్నగా లేదు, లావుగా ఉంది అంది. ఇమ్మానుయేలు ఫోనుకు సిగ్నలు ఉండదు అక్కడ.

"సెట్టులో స్టేషను చెప్తాదిలే, ఎటు దిగాల్నో" అంది.

నేను ఊఁ అన్నా. ఊఁ అన్నానంటే అన్నా. రాసుకుంటున్నా.

మార్చి 22

బతికినాడు. దేవా. బతికినాడు.

మంట రెండు వైపుల నుంచి వచ్చిందంట. స్టేషను ఏడుసార్లు పిలిచింది, పడమటి వైపు దిగండి అని. వీళ్లు తూర్పుకు దిగినారు. వాగులో పడుకుని బయటపడినారు. గిద్దలూరు నుంచి వచ్చిన మహేంద్ర అనే పిలగాడికి రెండు కాళ్లు కాలినాయి. ఆసుపత్రిలో ఉన్నాడు.

మార్చి 23, ఆదివారం

ఇమ్మానుయేలు ఇంటికి వచ్చినాడు. కనుబొమ్మలు కాలిపోయినాయి. పనిలో నుంచి ఆపేసినారు, విచారణ అంట. గ్రేస్ కాళ్లకు నీళ్లు ఇస్తా ఏడిచింది.

"నిద్రపోయినానని రాసిచ్చినావంట గదా. ఏడుసార్లు పిలిస్తే నిద్రపోయినావా నువ్వు?"

వాడు తిన్నాక వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"సెట్టులో ఏం రాలేదు నాయనా. ఒక్క ముక్క రాలేదు. మేము చెప్పేది వాళ్లకు పోతాంది, వాళ్లది మాకు రాలేదు."

"ఆ మాటే చెప్పలేదా?"

"చెప్పబోయినా. సెట్టు చూపించమన్నారు. దానికి నీ చీటీ వేలాడుతాంది. అందరూ చదివినారు. మా నాయన బాగుంది అన్నాక సెట్టు తప్పు కాదు సార్, నేనే కునుకు తీసినానేమో అన్నా."

నేను గోడ తట్టు తిరిగి పడుకున్నా. కాలు నొప్పనుకున్నాడు. దుప్పటి కప్పినాడు.

మార్చి 24

పొద్దున్నే ఇద్దరినీ పిలిచినా. పన్నెండో సెట్టు వాడి చేతికిచ్చి రాతి పెట్టె వేసినా. నాబ్ సున్నా.

"వైరు పీకు."

పీకినాడు. కూత వినపడుతోంది. వాడికి ఇంకా అర్థం కాలేదు, నవ్వుతా చూసినాడు. తర్వాత రేకు డబ్బాకు కట్టినా. సున్నా నుంచి తొమ్మిది దాకా నేనే తిప్పినా, ఒక్కొక్కటీ నోటితో చెప్పుకుంటా. తొమ్మిది మీద వినింది.

"ఇది చెవుడు. నీదీ ఇంతే. నా పెట్టె కారింది, నేను సెట్టు మంచిదనుకున్నా. నిద్ర కాదు నీది."

గ్రేస్ నన్నే చూస్తాంది. వాడు అడిగినాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన సోమవారం."

వేళ్లు మడిచినాడు. సోమ, మంగళ, బుధ, గురు. "మంట శుక్రవారం గదా నాయనా" అన్నాడు. మెల్లగా అన్నాడు. సెట్టు బల్ల మీద పెట్టి బయటికి పోయినాడు.

మార్చి 24, మళ్లీ

సోమవారం అని చెప్పినా. అది కూడా నిజం కాదు. తొమ్మిదో తేదీ ఆదివారమే తెలుసు, గ్రేస్ మలుపు దగ్గర నిలబడినప్పుడే. నిలోఫర్ వైరు పీకినప్పుడే తెలుసు.

మార్చి 25

అబ్బాస్‌కు ఫోను చేసి మొత్తం చెప్పినా. "మా నాయన చేసిన రేకు పెట్టె నన్నడగకుండా పారేసినావు" అన్నాడు. అంతే. రేపు ఆటో తీసుకొస్తానన్నాడు.

మార్చి 26

కట్టు కాలు ఆటోలో నుంచి బయటికి చాపుకుని, ఒళ్లో రెండు పెట్టెలు పెట్టుకుని అడవి ఆఫీసుకు పోయినా. అబ్బాస్ ముందర కూర్చున్నాడు. ఇమ్మానుయేలు రాలేదు.

ఆఫీసరు చిన్నవాడే. మర్యాదగా కుర్చీ వేయించినాడు. తొమ్మిదో నంబరు సెట్టు అక్కడే ఉంది, నా చీటీ మసి పట్టి. అందరి ముందర రాతి పెట్టె వేసి, వైరు పీకి చూపించినా. తర్వాత డబ్బాకు కట్టినా. అది పది మీద కూడా వినలేదు. ఊకనే ఉంది.

"మీ అబ్బాయి నిద్రపోయినా అని రాసిచ్చినాడే."

"వాడు నన్ను నమ్మినాడు. అది వాడి తప్పు."

కాగితం మీద రాసివ్వమన్నాడు. ఎవరైనా రాస్తారు, మీరు సంతకం పెట్టండి అన్నాడు. వద్దన్నా. అరగంట పట్టింది. పదకొండు సెట్లకు నేను రాసిన బాగుంది తప్పు. నా కొడుకు నిద్రపోలేదు. యేసోబు.

"మిగతా క్యాంపులకు ఇప్పుడే సెట్టులో చెప్పండి, సెట్లు దించమని" అన్నా.

ఆఫీసరు నా మొహం చూసినాడు. అప్పుడు తెలివొచ్చింది నాకు. వాళ్లకు చెప్పేదానికి ఆ సెట్లే గదా ఉండేది. జీపు పంపినారు.

మార్చి 28

మహేంద్రను చూసేదానికి పోయినా. వాళ్లమ్మ లక్ష్మీదేవమ్మ ఆసుపత్రి వాకిట్లో కూర్చుని ఉంది. ఎవరని అడిగింది. చెప్పినా.

"నాలుగు రోజులుగా నీ కొడుకును తిడుతున్నా. నోరు ఎండిపోయింది. ఇప్పుడు నిన్ను తిట్టేదానికి ఓపిక లేదు, పో పెద్దాయనా" అంది.

లోపలికి పోనియ్యలేదు. పోయే హక్కు లేదు నాకు.

ఏప్రిల్ 2

పండగ అయిపోయింది. జీపు సెట్లన్నీ తెచ్చింది. పదకొండింట్లో తొమ్మిది చెవుడు. రెండు బాగున్నాయి. ఆ రెండూ కూడా నా చేతివే అని ఎవరికీ చెప్పలేదు.

పని వేరే దుకాణానికి పోతదని అబ్బాస్ అన్నాడు. పోవాల్సిందే అన్నా. అయితే ఈ తొమ్మిదీ వాళ్లు తీసుకోరు, చేసిన చేత్తోనే చెయ్యాల అన్నాడు. బస్తాతో బల్ల మీద పెట్టి పోయినాడు. నిలోఫర్ బెంగళూరు పోతా వచ్చింది. రేకు డబ్బా చుట్టూ మీటరు తిప్పింది, కరెంటు వైరు లేకుండా బ్యాటరీ లోపల పెట్టినానని చూసింది. ఏమీ పొగడలేదు. మీటరు ఇక్కడే వదిలి పోయింది.

రాతి పెట్టె పలకలు ఊడదీసినా. గ్రేస్ ఆ పలకలు రోలు కింద ఎత్తుకు పెట్టుకుంటానంది. పెట్టుకో అన్నా.

ఏప్రిల్ 5

ఇమ్మానుయేలును మళ్లీ పనిలోకి రమ్మన్నారు, సెట్లు తయారైనాక. వాడు నాతో పన్నెండు రోజులుగా మాట్లాడడం లేదు. నీళ్ల చెంబు పెడతాడు, పోతాడు. మందు పెడతాడు, పోతాడు. ఈ గదిలో నుంచి నేను లేచి పోలేను, వాడు నిలబడి ఉండలేడు.

ఏప్రిల్ 8, మంగళవారం

రేపు కట్టు తీస్తారు. తొమ్మిదీ అయినాయి. ఈ పొద్దు మొదటిదానికి చీటీ రాయబోతే ఇమ్మానుయేలు వచ్చి చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఉండు" అన్నాడు.

పన్నెండు రోజులు కాదు, పదిహేను అయింది. ఆ ఒక్క మాట.

స్టూలు జరుపుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. సెట్టు డబ్బాకు కట్టినాడు. నాబ్ రెండు మీద పెట్టినాడు. కూత వినపడింది. నేను దారం అందుకున్నా. వాడు ఇవ్వలేదు. నా కళ్లలోకి చూసుకుంటానే వైరు పీకినాడు. నా బల్ల మీద, నా డబ్బాకు. ఇంతకాలం నేను కట్టిన వైరు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

ఏం వినపడలేదు. గ్రేస్ వంటింట్లో గరిటె ఆపింది.

వాడు వైరు మళ్లీ తగిలించినాడు. మొహంలో ఏం లేదు. చీటీ నా తట్టు జరిపినాడు, రాయమని.

నేను రాయలేదు.

"ఇంకోసారి పీకు" అన్నా.